చేయబడును గాక!

అయ్యలారా, అమ్మలారా! తెల్లవాడు పోతూ పోతూ మనకి వదిలేసిన వాటిల్లో గొప్పదేదని అడిగితే మీరు రైలంటారు, టీ అంటారు, మీ మనవలు క్రికెట్టంటారు. అన్నీ తప్పే. సున్నా మార్కులు! వాడిచ్చిన అసలైన వరం పాసివ్ వాయిస్. అందులోనూ ‘టు బి డన్’, ‘బీయింగ్ డన్’ అనే ఇద్దరు కవలలు.

ఈ కవలలకి అమలాపురం గడియార స్తంభం పక్కన ఒక విగ్రహం పెట్టాలని నా డిమాండు. దానికి మొహం ఉండకూడదు, చేతులు ఉండకూడదు, కింద పలక మీద ఎవరి పేరూ ఉండకూడదు. ఎవరు పెట్టేరో కూడా ఎవరికీ తెలియకూడదు. అదీ అసలైన గౌరవం!

నవ్వకండి. నేను ముప్పై మూడేళ్లు హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. కొత్తపేటలో చెప్పేను, రాజోలులో చెప్పేను, ఆఖరికి ఉప్పలగుప్తం దగ్గర మా సొంతూళ్లో చెప్పి దిగేను. ఇప్పుడు ఆదివారాలు ఈ కాలమ్ రాసుకుంటున్నాను. ఈ వారం అక్షరాలు వంకరగా ఉంటే కంపోజింగ్ వాళ్లు క్షమించాలి. ఒళ్లో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. నా రాతబల్ల ప్రస్తుతం ఇంట్లో లేదు. ఎక్కడుందో తర్వాత చెప్పబడుతుంది.

ముందు పాఠం. రాముడు రావణుణ్ణి చంపేడు. దీన్ని తిరగేస్తే రావణుడు రాముడి చేత చంపబడ్డాడు. ఇంతవరకు మీకూ తెలుసు. అసలు కిటుకు ఇక్కడుంది. ఆ ‘రాముడి చేత’ అన్న ముక్క తీసేయండి. రావణుడు చంపబడ్డాడు. అంతే! రాముడు హాయిగా ఇంటికెళ్లి అన్నం తింటాడు. పోలీసు లేదు, కేసు లేదు, సాక్ష్యం లేదు.

“‘బై’ తీసేసినా మార్కులు పోవర్రా!” అని ముప్పై మూడేళ్లు బల్ల గుద్ది చెప్పేను. నా పిల్లలు బంగారాలు, ఒక్కరూ మర్చిపోలేదు. సాయిదుర్గాప్రసాద్ అని పదో తరగతిలో నాలుగు తన్నులు తిన్నవాడు ఇప్పుడు ఒకానొక ఆఫీసులో ఉత్తరాలు రాసే సీట్లో ఉన్నాడు. ఏ ఆఫీసని అడక్కండి, చెబితే పాసివ్ వాయిస్‌కి అవమానం. మా ఊరి దీనమ్మ కూతురు ప్రసన్నకుమారి అందర్నీ మించిపోయింది. ఎం.ఏ. ఇంగ్లీషు చేసి అమలాపురంలో లెక్చరరు ఉద్యోగం చేస్తోంది. ఎదురైతే ఇప్పటికీ చెప్పులు విప్పి నమస్కారం పెడుతుంది.

కవలల సంగతి చెప్తాను వినండి. ‘టు బి డన్’ అంటే చేయబడవలసి ఉన్నది. ఇంకా మొదలే పెట్టలేదని అర్థం, కానీ ఎంత మర్యాదగా ఉంది! ‘బీయింగ్ డన్’ అంటే చేయబడుతూ ఉన్నది. ఇక ఈ జన్మకి అవదని అర్థం. వీళ్లకో పెద్దన్న కూడా ఉన్నాడు, ‘టు హావ్ బీన్ డన్’. చేయబడి ఉన్నట్టు తెలియవచ్చుచున్నది. కొంప మునిగిపోయిందని అర్థం. భూత భవిష్యత్ వర్తమానాలు మూడూ సరిపోయేయి. మూడింట్లోనూ మనిషన్నవాడు లేడు!

మా ఊరి రోడ్డే చూడండి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు అది ‘టు బి లెయిడ్’. రిటైరయ్యేనాటికి ‘బీయింగ్ లెయిడ్’. మొన్న వానల్లో మా ఆవిడ మంగాయమ్మ సత్తియ్య ఆటోలోంచి ఎగిరి గోతిలో పడ్డాక వాకబు చేస్తే, కాగితాల్లో ‘టు హావ్ బీన్ లెయిడ్’ అని ఉంది. అంటే మా ఆవిడ పడింది గోతిలో కాదు, నున్నటి రోడ్డు మీద. ఆ మాట చెబితే ఎంత ఊరటగా ఉండాలి? నడుముకి కాపడం పెట్టించుకుంటూ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయబడదు.

ఇన్ఫినిటివ్‌కీ జెరండ్‌కీ, అంటే ‘టు బి’కీ ‘బీయింగ్’కీ, తేడా ఏమిటని మీరడగొచ్చు. పిల్లలకి ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. మనిషన్నవాడు వాంట్స్ టు బి ప్రెయిజ్డ్. హేట్స్ బీయింగ్ ఆస్క్‌డ్. పొగడబడాలని ఉంటుంది, అడగబడటం గిట్టదు. మనిషి పుట్టుక, చావు, మధ్యలో ఉద్యోగం అంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది కదండీ!

సంసారంలో కూడా ఇది చాలా ఉపయోగం. పోయిన వేసవిలో ఆవకాయ జాడీ నా మోచెయ్యి తగిలి కింద పడింది. నేను తొణక్కుండా వంటింటి గుమ్మంలో నిలబడి “ది జార్ ఈజ్ ఫౌండ్ టు హావ్ బీన్ బ్రోకెన్” అని ప్రకటించేను.

“ఆ నూనె కాళ్లతో ఎక్కడికొస్తున్నారు?” అంది మంగాయమ్మ.

చదువు లేని చోట వ్యాకరణం పనిచెయ్యదు. అయినా ఇంగ్లీషు రానంత మాత్రాన మా కోనసీమ వాళ్లని తక్కువ అంచనా వేయకండి. ఈ విద్య మాకు ముందునుంచీ ఉంది. మా దగ్గర ఎవడూ గ్లాసు పగలగొట్టడు, గ్లాసే “పగిలిపోయిందండీ”. ఎవడూ గేదెని వదిలెయ్యడు, గేదే “తప్పించుకుపోయిందండీ”. ఎవరు చేసేరని మొహమ్మీద అడగడం మర్యాద కాదు కాబట్టి, అవతలి వాడు “ఆయ్, అలాగాండీ” అంటాడు. ఇద్దరూ కలిసి కాఫీ తాగుతారు.

కానీ మాలో ఒక లోపం ఉంది. మంచిపని చేసినప్పుడు మాత్రం ఈ విద్య మర్చిపోతాం. మా ఊరి గుళ్లో ఫాను చూడండి, చర్చిలో ఫాను చూడండి. ఈ విషయంలో మతభేదం లేదు. మూడు రెక్కల మీదా దాత పేరు, ఆయన నాన్నగారి పేరు, ఊరి పేరు. ఫాను తిరిగితే పేరు కనపడదని వేసవిలో కూడా స్విచ్చి వేయనివ్వని దాతని నేనెరుగుదును! బస్ షెల్టర్లో బల్ల మీద పేరు, ట్యూబ్ లైటు మీద పేరు, శ్మశానంలో సిమెంటు సోఫా మీద కూడా పేరు. మంచికైతే ‘చేత’ అన్న ముక్క ఫాను రెక్కంత ఉంటుంది. చెడుకైతే భూతద్దం పెట్టినా దొరకదు.

నా రాతబల్లకి కూడా ఆ భాగ్యం పట్టింది. రిటైర్మెంటు నాడు పాతపిల్లలు ఇచ్చిన టేకు బల్ల అది. పైన రెండే రెండు పొడుగాటి చెక్కలు, నాలుగు మేకులు. అంచున పసుప్పచ్చ పెయింటుతో ‘పూర్వ విద్యార్థులచే సమర్పించబడినది’ అని రాయించేరు. నేను రాసుకునేటప్పుడు ఆ ‘చే’ అన్న అక్షరం సరిగ్గా నా మోచేతి కిందికి వచ్చేది.

ఇక అసలు సంగతికొస్తాను. మా ఊరు సముద్రానికి దగ్గర. పున్నమికీ అమావాస్యకీ పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లు మురుగు కాలవలోకి ఎదురు తన్నుకొస్తాయి. అవి చేలల్లోకి రాకుండా కాలవ గట్టున ఒక తూము ఉంది. దానికి రెండు చెక్కలు. చెక్కలు దించితే చేలు బతుకుతాయి. రొయ్యల చెరువుల వాళ్లకి ఉప్పునీళ్లు కావాలి కాబట్టి పోటు వేళ చెక్కలు ఎత్తుతారు, చెరువులు నిండగానే మళ్లీ దించుతారు. చిన్నపిల్లలకైనా తెలిసిన పని.

నా నాలుగెకరాలూ మా బావమరిది నాగసతీష్ రొయ్యల చెరువులు చేసేడు. ఆ చెరువుల అవతల దీనమ్మ కౌలు చేను ఉంది. ఆరు కుంచాలు, అంటే అరవై సెంట్లు. సార్వా ఊడ్పుల కోసం, అంటే తొలకరి వరినాట్ల కోసం, ఆవిడ ఓ మూల ఆకుమడి, అదే నారుమడి, పోసుకుంది. చిలకపచ్చగా జానెడు లేచింది.

ఏరువాక పున్నమి నాడు పొద్దున్న తొమ్మిదింటికి తూము చెక్కలు ఎత్తబడినవి. చెరువులు నింపబడినవి. చెక్కలు తిరిగి దించబడవలసి ఉండెను. దించబడలేదు. గట్టు మీద వదిలివేయబడిన చెక్కలు పోటులో కొట్టుకుపోయినవి. ఉప్పునీరు దీనమ్మ ఆకుమడిలోనికి పోనివ్వబడినది.

చూసేరా, ఎంత శుభ్రంగా ఉందో? ఒక ఆకుమడి చచ్చిపోయింది, ఒక్క మనిషి చొక్కాకీ బురద అంటలేదు!

నాగసతీష్ ఆ పూట ఊళ్లో లేడు. రాజోలులో ఏదో నిశ్చితార్థానికి వెళ్లేడు. చెక్కలు దించే పని ఎవరికో ఒకరికి అప్పజెప్పబడే ఉంటుంది. ఎవరికి అన్నది ఇక్కడ అప్రస్తుతం.

మూడోనాడు దీనమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గుప్పెడు ఆకు, కొసలు మాడి గడ్డిలా ఉంది. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

“ఆకంతా పోయిందండీ మేష్టారూ. చెక్కలెవరో ఎత్తి, మళ్లీ వెయ్యలేదండీ. తెలుగులో రెండు కాగితాలిచ్చేను, ఎవరూ పలకలేదు. మీరు ఇంగ్లీషులో ఓ అర్జీ రాసి పెట్టాలండీ.”

చూడండి, ఇంట్లో ఎం.ఏ. ఇంగ్లీషు కూతుర్ని పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది! పాత చెయ్యి విలువ అది. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వెంటనే ఆ పసుప్పచ్చ అక్షరాల బల్ల మీద కూర్చుని ఒక పేజీ అర్జీ గిలికి, ఆవిడకి తెలుగులో అర్థం చెప్పేను. “తూము చెక్కలు ఎత్తబడి, దించబడకుండా ఉంచబడినట్టు తెలియవచ్చుచున్నది. తగు చర్య తీసుకొనబడవలెనని కోరబడుచున్నది.”

“కోరేది ఎవరండీ?” అంది.

“నువ్వే.”

“మరి నా పేరేదండీ?”

“అక్కర్లేదు దీనమ్మా. పాసివ్‌లో హుందాగా ఉంటుంది.”

“మరి ఎత్తినోళ్ల పేరు?”

“పేర్లు రాస్తే మర్యాద కాదు.”

ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసి “ఆయ్” అంది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజుల్లో జవాబు! తెలుగు అర్జీకి వస్తుందా అంత త్వరగా? ‘ది మేటర్ ఈజ్ బీయింగ్ ఎగ్జామిన్డ్. ప్లాంక్స్ టు బి ప్రొవైడెడ్ బై ది కన్సర్న్‌డ్.’ చూడగానే మా సాయిదుర్గాప్రసాద్ చెయ్యని గుర్తుపట్టేను. కవలలిద్దరూ ఉన్నారు, ముత్యాల్లా! పైగా ఆ ‘బై ది కన్సర్న్‌డ్’ చూడండి. చెక్కలు ‘సంబంధితుల చేత’ ఇవ్వబడాలట. ‘చేత’ ఉంది, దాని వెనక మనిషి లేడు. నేను ముప్పై మూడేళ్లలో కనిపెట్టలేనిది వాడు కనిపెట్టేడు. మార్జిన్‌లో పదికి తొమ్మిది వేసేను.

ఈలోగా దీనమ్మ ఊరుకోలేదు. ఎక్కడెక్కడో అడిగి విత్తనాలు తెచ్చి నానబోసి, పాత మడి కడిగి మళ్లీ చల్లింది. మొలకలు లేచేయి. కానీ తూముకి చెక్కలు లేవు. అమావాస్య నాడు పొద్దున్న తొమ్మిదింటికి మళ్లీ పోటు. ఆ వేళకి చెక్కలు పడితే ఆకు బతుకుతుంది. పడకపోతే మూడోసారి చల్లడానికి విత్తనం లేదు, ఉన్నా అదును లేదు. ఆ ఆరు కుంచాలూ ఈ సార్వాకి బీడే.

ఈ మాట ఆవిడ నాతో చెప్పినప్పుడు నేనేం చేసేనంటారా? రెండో అర్జీ రాసేను. మొదటిదానికన్నా గొప్పగా వచ్చింది.

దానికి జవాబుగా తూము దగ్గర ఏకంగా బోర్డు పాతేరు. ‘ఈ తూమునకు చెక్కలు త్వరలో అమర్చబడును.’ బోర్డు మంచి బలమైన చెక్కతో చేసేరు. మంగాయమ్మ జానతో కొలిచి చూసి “ఇది పీకి తూములో పెడితే సరిపోతుందేమోనండీ” అంది. ప్రభుత్వ ఆస్తి, కేసవుతుందని నేనే ఆపేను.

నాగసతీష్‌ని కదిపితే “గవర్నమెంటు తూము బావగారూ. మనం ముట్టుకుంటే రేపు మన మెడకే. వాళ్లే వేస్తారు లెండి” అన్నాడు. వాళ్లెవరని నేనడగలేదు. వాడూ నన్నేమీ అడగలేదు. ఇద్దరం కాఫీ తాగేం.

అమావాస్య మూడు రోజులుందనగా దీనమ్మ మూడో అర్జీకి వచ్చింది. ఈసారి అరుగు మీద కూర్చుంది. నేను రాస్తుంటే నా మోచేతి వంకే చూస్తూ మెల్లిగా అంది.

“మేష్టారండీ, మా గుళ్లో తప్పులొప్పుకునేటప్పుడు ‘జరిగిపోయింది ప్రభువా’ అనమండీ. ‘నేను చేసేను’ అంటాం. అలా అనకపోతే ఆయన వినడంటారు మా పాస్టరు అయ్యగారు.”

“అది ప్రార్థన దీనమ్మా, ఇది అర్జీ” అన్నాను.

“ఆయ్” అంది మళ్లీ. ఆ ‘ఆయ్’ మొదటిసారి దానిలా లేదు. కానీ వాక్యం మధ్యలో ఉన్నాను కదా, పట్టించుకోలేదు.

అమావాస్య రేపనగా సాయంత్రం అయిదింటికి మూడో జవాబు వచ్చింది. ‘ద నీడ్ ఫర్ ప్లాంక్స్ బీయింగ్ ప్రొవైడెడ్ ఈజ్ నోటెడ్ టు బి కన్సిడర్డ్.’ చెక్కలు ఇవ్వబడవలసిన అవసరం, ఆలోచించబడుటకై గమనించబడినదట. ఒకే వాక్యంలో జెరండూ ఇన్ఫినిటివూ రెండూ పాసివ్‌లో! ఆనందం పట్టలేక, కాగితం పుచ్చుకుని దీనమ్మకి వినిపిద్దామని వాళ్లింటికి నడిచేను. జన్మలో ఆవిడ ఇంటి తలుపు తట్టడం అదే మొదలు. మా గుమ్మానికి ఆవిడ రావడమే గాని నేను వెళ్లిన పాపాన పోలేదు.

“ఎవరండీ?” అని లోపల్నుంచి ఓ ఆడగొంతు అడిగింది.

“నేను.”

“నేనంటే?”

“సోమేశ్వరరావు మేష్టార్ని.”

తలుపు తీసింది ప్రసన్నకుమారి. సెలవుకి వచ్చిందట. కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. బల్ల మీద నా మూడు అర్జీల కాపీలూ ఉన్నాయి. పక్కన ఎర్ర పెన్ను ఉంది.

“చాలా బాగా రాసేరండీ మేష్టారూ” అంది. “ఒక్క వ్యాకరణ దోషం లేదు. మీరు చెప్పినట్టే ‘బై’ ఎక్కడా లేదు. మార్కులేం పోలేదండీ. అమ్మ ఆకుమడి పోయింది.”

దీనమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

“ఆ పున్నమి నాడు నేను అవతలి గట్టు మీదే ఉన్నానండీ. మీరు ఫోన్లో నవ్వుకుంటూ ఇంటికెళ్లిపోతుంటే కేకేసేను. ‘చెక్కలండీ, మేష్టారూ, చెక్కలు!’ అని. మీకు వినపడలేదు. నేను చుట్టూ తిరిగి వచ్చేటప్పటికి చెక్కలు కొట్టుకుపోయేయి.”

అదండీ సంగతి. ఇక దాచేదేముంది? నాగసతీష్ రాజోలు వెళ్తూ చెక్కలు నాకే అప్పజెప్పేడు. నేను తూము దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఇంతలో రాయవరం నుంచి సింహాద్రిగారని ఒక పాఠకుడు ఫోన్ చేసి, అంతకుముందు వారం నా కాలమ్ అద్భుతమన్నారు. నలభై నిమిషాలు పొగిడేరు. ఆ పొగడ్తలో ఇంటికెళ్లిపోయేను, పెసరట్టు తిన్నాను, పడుకున్నాను. ఆ వారం కాలమ్ దేని మీదో తెలుసా? ఈ కాలపు మనుషులకి బాధ్యత లేదని!

“తెలిసుండీ నా చేతే మూడు అర్జీలు ఎందుకు రాయించేరు, దీనమ్మగారూ?” అన్నాను. ‘గారూ’ ఎలా వచ్చిందో, దానంతట అదే వచ్చింది.

“పెద్దోరు, మొహమ్మీద ఎలా అంటామండీ? రాస్తుంటే ఎక్కడో ఓచోట మీరే రాసేస్తారేమోనని చూసేనండీ. మూడుసార్లు చూసేను.”

సిగ్గుతో చచ్చిపోయేను. ముప్పై మూడేళ్లు బల్ల గుద్ది చెప్పినదంతా ఆ గదిలో నాకే వినపడింది. “చెక్కలు వెయ్యనిది నేనండీ. మీ ఆకు చంపింది నేనండీ” అన్నాను. ఆ మాట అనడానికి నోరు ఎంత ఎండిపోయిందో చెప్పలేను. ఆవిడ “తెలుసండీ, మంచినీళ్లు తాగండి” అంది.

ఇంటికొచ్చి మంగాయమ్మతో అంతా చెప్పేను. తిడుతుందనుకున్నాను. సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టి “ఇంట్లో రెండు చెక్కలున్నాయి కదండీ” అంది. ఆవిడ చూస్తున్నది నా రాతబల్ల వంక.

చీకటి పడకుండానే మేకులు పీకేను. చెక్కల కొలత తూముకి కాస్త పొడవైతే రంపంతో నేనే కోసేను, వడ్రంగిని పిలవలేదు. ఆ తర్వాత నాకో ఆలోచన వచ్చింది. మనం ఫాను రెక్క మీద కూడా దాత పేరు రాసుకునే జాతి కదా! గేటుకి వెయ్యగా మిగిలిన డబ్బాలో పెయింటు ఉంది. పై చెక్క తిరగేసి, బ్రష్షు పుచ్చుకుని, అంగుళమేసి అక్షరాలతో వరస కింద వరసగా ఇలా రాసేను: ‘ఏరువాక పున్నమి నాడు ఈ తూము చెక్కలు వెయ్యడం మర్చిపోయి, దీనమ్మగారి ఆకుమడి పాడుచేసినవారు: సోమేశ్వరరావు, రిటైర్డు ఇంగ్లీషు మేష్టారు, ఈ ఊరే.’

అమావాస్య పొద్దున్న ఎనిమిదింటికల్లా పంచె ఎగ్గట్టి తూములో దిగేను. మంగాయమ్మ చెక్కలు అందించింది, ప్రసన్నకుమారి గాడిలోకి సరిచేసింది, దీనమ్మ సందుల్లో బంకమట్టి కూరింది. ఊళ్లో సగం మంది గట్టు మీద నిలబడి బోర్డు చదివినట్టు నన్ను చదివేరు. నాగసతీష్ దూరం నుంచే చూసి, బండి తిప్పుకుని వెళ్లిపోయేడు. ‘నేను’ అనడానికి వాడికి ఇంకా టైముంది.

తొమ్మిదింటికి పోటు వచ్చింది. నీళ్లు కింది చెక్క దాటేయి. పై చెక్క మీదికి ఎక్కేయి. ‘ఈ ఊరే’ మునిగింది, ‘ఇంగ్లీషు మేష్టారు’ మునిగింది. నా పేరు కింద నీళ్లు ఆగేయి. పది నిమిషాలు అక్కడే ఊగి, మెల్లిగా వెనక్కి తగ్గేయి. దీనమ్మ ఆకుమడి వైపు పరిగెత్తి, మడిలో నీళ్లు దోసిట పట్టి నాలిక మీద వేసుకుంది. “చప్పగా ఉన్నాయండీ!” అని అక్కణ్ణుంచే కేకేసింది. ఆ కేక విని నాకు కళ్లలో నీళ్లు తిరిగేయి. ఏం, తిరక్కూడదా?

సరిగ్గా అప్పుడు నా ఫోను టింగుమంది. అర్జీలో ఇచ్చింది నా నెంబరే కదా. మెసేజి విప్పితే ఇంగ్లీషులో ఉంది, తెలుగులో దానర్థం ఇది. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. చెక్కలు అమర్చబడినవి.’

అమర్చబడినవా! నడుం లోతు నీళ్లలో నిలబడ్డవాణ్ణి, అరచేతులు రెండూ బొబ్బలెక్కినవాణ్ణి, నాకు ఒళ్లు మండిపోయింది. నా బల్లండీ అది! నా పాతపిల్లలిచ్చిన టేకు బల్ల! “ఎవరి చేత? ఎవరి చేత అమర్చబడ్డాయిరా? పేరు రాయడానికి చేతులు రావా?” అని ఆ ఫోన్ని పుచ్చుకుని గట్టు దద్దరిల్లేలా అరిచేను.

దీనమ్మ మడిలోంచి నడిచొచ్చి, నన్ను గట్టెక్కించడానికి చెయ్యి అందించింది.

“నేనూ పదిహేను రోజుల్నించి అదేనండీ మేష్టారూ అడుగుతున్నది.”